దొరగారి అజీర్తి

“లే నాన్నా, ఒక్కసారి తోక ఆడించు,” అంటూ భోజనాల బల్ల కిందికి దూరింది ఇల్లాలు. వాళ్ల కుక్క దొర లేవలేదు. దాని పొట్ట డోలులా ఉబ్బి ఉంది.

ఏడాది చివరి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి తినే భోజనం అప్పుడే ముగిసింది. పెద్దాడపడుచు చేసి తెచ్చిన కేకు ముక్క ఒక్క పళ్లెంలోనూ మిగల్లేదు. ఆ కేకులో కత్తి దిగాలంటే ఇంటాయన లేచి నిలబడి బలం పెట్టాలి. అయినా ఆ మాట ఆవిడతో అనేదెవరు? తను పెట్టిన టీలో పంచదార తగ్గిందన్నందుకే రెండేళ్లు ఈ గడప తొక్కని మనిషి. అందుకే అందరూ ఆహా ఓహో అంటారు, ఆవిడ మరుసటేడు ఇంకాస్త పెద్దది తెస్తుంది. ఈసారీ అందరికంటే ముందు ఆవిడ పళ్లెమే ఖాళీ అయింది. భోజనమంతసేపూ దొర ఆవిడ కాళ్ల దగ్గరే పడుకుంది.

“దీనికీ నేనంటేనే భక్తి,” అని ఆవిడ మురిసిపోయింది కూడా.

“ఏం కాదులేవే, కాసేపు పడుకోనీ,” అన్నాడు ఇంటాయన.

“మీకన్నీ ఏం కాదే. ఏ పామో ముట్టిందేమో. మొన్న తలుపులకేసిన రంగు నాకిందేమో. దీనికేమన్నా అయితే నేను బతకను.”

కూతురు పరుగెత్తి, ఎదురింటి పశువుల డాక్టరును చేయి కూడా సరిగా కడుక్కోనివ్వకుండా లాక్కొచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని దొర పొట్ట నొక్కి చూశాడు.

“గట్టిగా ముద్దలా తగులుతోంది. ఏం పెట్టారు?”

“దాని అన్నమే,” అన్నాడు ఇంటాయన పైకప్పుకేసి చూస్తూ.

“అన్నం ఇలా ఉండదండీ. ఏం తిందో, ఎంత తిందో తెలియకుండా నేను మందు పోయలేను. దాపరికాలొద్దు.”

ఇల్లాలు దొరను చూసింది. ఆడపడుచును చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొర సన్నగా మూలిగింది.

“నా కేకు ముక్క పెట్టానండీ,” అంది కళ్లు మూసుకుని. “తప్పుగా అనుకోకు వదినా, నా పళ్లు అసలే...”

“నాది కూడా,” అంది కూతురు.

“మీరూనా? నేనొక్కణ్ణే అనుకున్నానే,” అన్నాడు ఇంటాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

డాక్టరు తేలిగ్గా ఊపిరి వదిలాడు. “వట్టి కేకేనా? అయితే ప్రాణానికేం భయం లేదు. మందు మోతాదు కోసం అడుగుతున్నా, ఇంకెవరైనా పెట్టారా?”

పెద్దాడపడుచు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుని లేచింది. అయిపోయింది, ఇక ఈ జన్మలో మన గడప తొక్కదు అనుకుంది ఇల్లాలు. చెప్పులు వేసుకునే చప్పుడు కోసం బిక్కుబిక్కుమంటూ చెవులు రిక్కించింది.

ఆవిడ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చి దొర పక్కన చతికిలబడి, దాని తల ఒళ్లో పెట్టుకుంది.

“నా ముక్క కూడా కలుపుకోండి, డాక్టరుగారూ.”