మాక్ ఇంటర్వ్యూ

టొరంటోలో సాయంత్రం బస్సు కదలగానే, అప్పుడే పరిచయమైన పక్క సీటు లక్ష్మీకాంతం గారు నా మణికట్టు పట్టుకున్నారు. "బోర్డర్‌లో ఆఫీసర్ ఏమడుగుతాడో, భయంగా ఉందమ్మా వాసవీ."

వాటర్లూలో చదువుకుంటున్న నాకూ అమెరికా ప్రయాణం అదే మొదలు. బఫెలోలో అక్క సీమంతం. వెనక్కి పంపేస్తారేమోనని పొద్దుటి నుంచీ ముద్ద దిగలేదు. ఆవిడ ముందు మాత్రం బయటపడలేదు.

హైదరాబాద్ కన్సల్టెన్సీలో నాకు నేర్పినట్టే ఆవిడకి మాక్ ఇంటర్వ్యూ మొదలుపెట్టాను. "ఎందుకు వెళ్తున్నారు?"

"మా మనవరాలు సున్నుండలు తప్ప ఏమీ తినదు. దాని తల్లేమో..."

"ఆంటీ! అడిగినదానికే జవాబు చెప్పాలి. మళ్ళీ చెప్పండి."

నయాగరా దాకా ఆవిణ్ణి దిద్దుతూనే ఉన్నాను.

బోర్డర్‌లో అందరం దిగాం. నా వంతు రాగానే తడబడకుండా చెప్పేశాను. స్టాంపు పడింది. ఆవిడకి ధైర్యం చెబుదామని వెనక్కి తిరిగాను.

ఆఫీసర్ ఆవిణ్ణి చూసి నవ్వేశాడు. "రండి డాక్టర్! ఈ నెల కూడా మనవరాలి దగ్గరికేనా?"

బస్సెక్కి మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ నా మణికట్టు అందుకుని, వాచీ వంక చూసుకున్నారు.

"నాడి ఇప్పుడు కుదుటపడింది. ఇక ఈ సున్నుండ తిను."