ఒక్క గది కోళ్లు

"అమ్మా, ఆగండి! ఒట్టి చేత్తో కలపకండి!"

దాణాలో మందు పొడి కలుపుతున్న ఆవిడ ఉలిక్కిపడింది.

కోళ్ల షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. భుజాన సంచీ.

"ఎవరయ్యా నువ్వు?" ఆవిడ భర్త అడ్డొచ్చాడు. షెడ్డు అతనిదే.

"జబ్బు లేని కోళ్లకి రోజూ మందెందుకు బాబూ? క్రిములు దానికి అలవాటు పడిపోతాయి. రేపు మనుషులకి జబ్బు చేస్తే ఏ మందూ పనిచెయ్యదు."

"మందు మానేసి ఏం పెట్టమంటావు, నీ ఉపన్యాసమా?"

ముసలాయన సంచీ విప్పాడు. వెల్లుల్లి, వాము, పసుపు.

"కోళ్లని పెంచమంటావా, కూర వండమంటావా?"

"ఒక్క గది ఇవ్వండి. రెండొందల కోళ్లు. కింద పరవడానికి ఎండు పొట్టు, శుభ్రమైన నీళ్లు, దాణాలో ఈ దినుసులు. ఆరు వారాలు నేనే చూసుకుంటాను. జీతం వద్దు."

"ఇద్దామండీ, పోయేదేముంది?" అంది భార్య.

ఇచ్చాడు. ముసలాయన ఆ గదిలోనే మకాం పెట్టాడు.

ఐదో వారంలో రెండు కోళ్లు తలలు వాల్చాయి. మిగతావాటికీ అంటుకుంటుందని యజమాని హడలిపోయాడు. ముసలాయన స్నానానికి వెళ్లిన సమయం చూసి, ఆ గది నీళ్లలో గుప్పెడు మందు కలిపేశాడు.

కోళ్లన్నీ బతికాయి.

"చూశావా! నీ వెల్లుల్లి కాదు పెద్దాయనా, నా పొడి!"

ముసలాయన సంచీ అందుకున్నాడు.

"ఆ రెంటినీ వేరు చేసే ఉంచాను బాబూ. తేరుకునేవి. మందు పడ్డాక, దినుసులతోనే బతికాయంటే ఇంక ఎవరు నమ్ముతారు?"

భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగింది. దాణా తొట్టి రేకు గీరుకుని భార్య చెయ్యి తెగింది. చిన్న గాయమే. మానలేదు. మందులు మార్చి మార్చి చూశారు. చెయ్యి నల్లబడింది.

"చెయ్యి తీసెయ్యక తప్పదు," అంది డాక్టరమ్మ. "ఈ క్రిమి దేనికీ లొంగడం లేదు. మీ కోళ్లకేం పెడుతున్నారు?"

భర్త పొడి పేరు చెప్పాడు.

"ఆ మందుకి అలవాటు పడిపోయిన క్రిమే ఇది," అంది డాక్టరమ్మ.

"మానేస్తానమ్మా. వెల్లుల్లి పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. వెతికి, కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాను."

"ఇంక దొరకరు. పోయిన నెల మా వార్డులోనే పోయారు. ఆఖరి దాకా షెడ్డు షెడ్డుకీ తిరిగారు. అందరూ తరిమేసినవాళ్లే."

"మీకు తెలుసా? ఎవరాయన?"

"మాకు పాఠం చెప్పిన గురువుగారు. మీరు కలిపే ఆ పొడిని మొట్టమొదట తయారు చేసింది ఆయనే."