డీజిల్ కారే కావాలి

"డీజిల్ కారే కావాలి," అన్నాడు వడ్రంగి మేస్త్రి. పొద్దుటి నుంచి ఆయన నోట్లోంచి ఊడిపడ్డ మాట అదొక్కటే.

పాత కార్ల షాపాయన తల గోక్కున్నాడు. "రోజుకి ఎంత తిరుగుతారు?"

"కార్ఖానాకి ఆరు కిలోమీటర్లు. ఇంటికి ఆరు."

"పన్నెండు కిలోమీటర్లకి డీజిల్ బండా! మీ పెట్రోల్ కారు ఇచ్చి, పైన యాభై వేలు కట్టాలి. ఆ యాభై వేలు తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. అమ్ముకునేవాణ్ణి, నేనే వద్దంటున్నాను."

"విన్నావా బావా!" బావమరిది గంతేశాడు. స్కూటర్ మీద ఊరంతా తిరిగి పార్సిళ్లు పంచడం అతని పని. నోట్లో లవంగం ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మారింది. "పెట్రోల్ బండి అంటే రాజా. డీజిల్ అంటే పొగ, కంపు, కటకటా చప్పుడు. అక్కా, నువ్వైనా చెప్పు."

అక్క చేతిసంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ యాభై వేలూ ఆమెవి. మోటారు కుట్టుమిషను కొనుక్కుందామని మూడేళ్లు జాకెట్లు కుట్టి దాచింది.

"ఏమండీ, నిజంగా మిగులుతుందా?"

"ఏడాదిలో వచ్చేస్తుంది. మిషను నేనే తెచ్చిస్తాను."

"ఏడాదే!" బావమరిది పగలబడి నవ్వాడు. "చెక్క కోసినంత తేలిక కాదు బావా."

ఇంతలో షాపు మెకానిక్, మేస్త్రి పాత కారు చూసి వచ్చాడు. "ఇంజను బంగారం సార్. లీటరుకి పద్దెనిమిది ఇస్తుంది."

"నాకు ఆరే ఇస్తోంది," అన్నాడు మేస్త్రి.

"ముసలి బండి కదా, తాగుతుంది," అని బావమరిది జేబు తడుముకుని ఇంకో లవంగం నోట్లో వేసుకున్నాడు.

ఆమె మొగుడి మొహంలోకి చూసింది. కూరలో ఉప్పు తక్కువైనా అడగని మనిషి. ఇవాళ కావాలంటున్నాడు. సంచి జిప్పు లాగి నోట్లకట్ట బల్లమీద పెట్టేసింది.

డీజిల్ కారు కటకటలాడుతూ గేటు దాటింది. మేస్త్రి ఛాతీ అంగుళం పెరిగింది. అవసరం లేకపోయినా రెండుసార్లు హారన్ కొట్టాడు. వెనక సీట్లో బావమరిది మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"అక్క డబ్బు బూడిదలో పోశావు. ఎలా మిగులుతుందో ఇప్పుడైనా చెప్పు బావా."

మేస్త్రి తాపీగా గేరు మార్చి, అద్దంలోంచి అతన్ని చూశాడు.

"నీ స్కూటర్ డీజిల్ తాగదు కదరా. రేపట్నుంచి తెల్లారకముందే లేచి, నా ట్యాంకులో పైపు పెట్టి నోటితో పీల్చే పని లేదు. నెలకి నలభై లీటర్లు నాకు మిగులుతాయి, లవంగాలు నీకు మిగులుతాయి."