చేతికందని కూత

పెద్దాయన ఆ చిన్న స్పీకరును చూపుడువేలితో పక్కకు నెట్టేశాడు.

“ఇది కాదు నాయనా. అది.”

ఆయన చూపించింది ట్రేలో అన్నిటికన్నా పెద్దది, అగ్గిపెట్టెంత ఉన్నది.

సౌండు మాస్టారికి చిర్రెత్తింది. బొమ్మ రైలింజన్లలో స్పీకర్లు అమర్చి, వాటికి నిజం రైలు చప్పుడు తెప్పించడం ఆయన పని. ఆ పనిలో ఆయన మాటకు తిరుగులేదు. ఇంజను బల్లమీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళే తప్ప, ఫలానాది పెట్టమని ఆయనకు చెప్పినవాడు లేడు.

“అది ఈ బొగ్గింజన్లో పట్టదండీ. పట్టించాలంటే లోపలున్న బరువు తీసెయ్యాలి. బరువు తీస్తే చక్రాలు జారతాయి. పెట్టెల్ని లాగలేదు.”

“లాగకపోతే పోనీ.”

“చప్పుడూ బాగుండదు. ఒళ్ళంతా అదురుతుంది.”

“అదే కావాలి. అదరాలి,” అన్నాడు పెద్దాయన, వీధి చివరికి వినపడేంత గట్టిగా.

“అదరడమంటే లోపమండీ,” బల్లమీదికి వంగి స్పీకర్లు సర్దుతూ గొణిగాడు మాస్టారు.

జవాబు రాలేదు. తలెత్తి చూస్తే పెద్దాయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

వంటగది గుమ్మంలోంచి భార్య అంది: “ఆయన బొమ్మ, ఆయన ముచ్చట. అడిగింది పెట్టి ఇవ్వచ్చుగా.”

“రేపు నలుగురూ విని ‘ఇదా మాస్టారి పనితనం’ అంటే పోయేది ఎవరి పరువు? గరగరలాడే బండి నా చేతిమీదుగా పోదు.”

అన్నంత పనీ చేశాడు. ఇంజను వెనకుండే బొగ్గుపెట్టె విప్పి, గోరంత స్పీకరునే అందులో కూర్చాడు. గాలి పోయే సందు లేకుండా అంచులు జిగురుతో మూశాడు. వెంట్రుకల్లాంటి తీగలకు టంకం వేశాడు. మూత బిగించి, పట్టాలమీద పెట్టి మీట తిప్పాడు.

ఆవిరి బుసకొట్టింది. కూత సాగింది, తేటగా, ఎక్కడా జీర లేకుండా.

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అలా నిలబడిపోయింది.

“పెద్దాయన మళ్ళీ నోరెత్తితే అడుగు,” అన్నాడు మాస్టారు మీసాల్లో నవ్వుకుంటూ.

పెద్దాయన వచ్చేసరికి పళ్ళ డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. ఆయనకూ రైళ్ళ పిచ్చి.

మాస్టారు మీట తిప్పాడు. ఇంజను నిలబడిన చోటే ఆవిరి వదిలి, కూత పెట్టింది.

“ఏం పలికించారండీ,” అన్నాడు డాక్టరు.

పెద్దాయన మాత్రం ఇంజను వీపుమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి రెండో చెయ్యి కూడా ఆనించాడు.

“మొదలెట్టావా నాయనా?”

మాస్టారు మళ్ళీ కూత పెట్టించాడు.

“ఎప్పుడు మొదలెడతావు?”

ఆయనకు బొత్తిగా వినపడదని మాస్టారికి అప్పుడర్థమైంది. అంతకుముందు పెదాల కదలిక చూసే జవాబులిచ్చాడన్నమాట. జాలి కలగాల్సిన చోట ఉక్రోషం వచ్చింది. ఇంత ఒళ్ళు వంచి చేసింది ఇందుకా? డాక్టరు వైపు తిరిగి అన్నాడు: “చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనండీ.”

డాక్టరు ఫక్కున నవ్వాడు. మాస్టారూ నవ్వాడు.

పెద్దాయన కళ్ళు తెరిచి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో సరదా మాట కాబోలనుకుని తనూ నవ్వాడు.

తర్వాత అడిగాడు: “నేను చెప్పిందే పెట్టావా?”

తల ఒక్కసారి అడ్డంగా ఊపితే సరిపోయేది. కానీ డాక్టరు చూస్తున్నాడు. మాస్టారు తల నిలువుగా ఊపాడు.

“అయితే లోపం నా చేతుల్లోనే ఉంది.”

అరచేతులు రెండూ తిప్పి చూసుకుని, ఇంజనును తువ్వాల్లో చుట్టుకుని పెద్దాయన వెళ్ళిపోయాడు.

ఆ పూట మాస్టారు కంచం ముందునుంచి లేచిపోయాడు. అగ్గిపెట్టెంత స్పీకరు తీసి విడిగా పెట్టాడు.

“ఇంటికెళ్ళి నిజం చెప్పెయ్యండి,” అంది భార్య.

“రేపు వెళ్తాలే.”

ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? రేపు కాస్తా ఎల్లుండయింది. వారాలు గడిచాయి.

చివరికి పెద్దాయన కూతురు వచ్చింది, అదే తువ్వాల్లో ఇంజను పట్టుకుని.

“నాన్న పోయారండీ. దీన్ని వినగలిగినవాళ్ళెవరికైనా ఇచ్చెయ్యమన్నారు.”

మాస్టారు కుర్చీ చూపించాడు.

“ఇక్కణ్ణుంచి తెచ్చాక మళ్ళీ ముట్టుకోలేదు. ‘చెవులు పోయినా చేతులున్నాయనుకున్నాను, ఇప్పుడవీ పోయాయి’ అన్నారు.”

“అమ్మా,” అన్నాడు మాస్టారు. “ఆయన చేతులకేం కాలేదమ్మా. ఆయన అడిగింది నేను పెట్టలేదు. పెట్టానని అబద్ధం చెప్పాను.”

గుమ్మంలో భార్య తల దించుకుంది.

ఆ అమ్మాయి తువ్వాలు విప్పి ఇంజనును బల్లమీద పెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది మాస్టారికి. ఆమే అంది: “ఒకసారి నడపండి. నేనింతవరకూ వినలేదు.”

మాస్టారు దాన్ని పట్టాలమీద పెట్టి మీట తిప్పాడు. కూత గదంతా నిండింది.

ఆమె చటుక్కున తలెత్తింది.

“ఈ చప్పుడు మీకెక్కడిది?”

“మేమంతా వాడేది ఇదేనమ్మా. ఎవరో మహానుభావుడు పాత ఇంజన్ల చప్పుళ్ళన్నీ రికార్డు చేసి, పేరైనా చెప్పుకోకుండా అందరికీ వదిలేశాడు. నా పేరు, నా తిండి, అన్నీ ఆయన చలవే. ఎప్పటికైనా కనిపిస్తే ఆయన చేతులు రెండూ పట్టుకోవాలని ఉంది.”

ఆమె ఇంజను మీంచి చూపు తిప్పకుండా మెల్లగా అంది:

“ఈ కూతలు పట్టడానికి ఏళ్ళతరబడి ఇంజన్ల పక్కనే నిలబడీ నిలబడీ, నాన్న చెవులు పోగొట్టుకున్నారండీ.”