మూడో రిమార్కు

"బెల్లు కొట్టి నాలుగు నిమిషాలైంది. మీ కోసమే ఆగాం."

ఏడో తరగతి గుమ్మంలో కాలు పెట్టగానే లెక్కల టీచర్‌కి దక్కిన పలకరింపు అది.

చివరి బెంచీ మీద, పిల్లల పక్కన, దళసరి కళ్ళద్దాలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో పెన్ను. మొహంలో నవ్వనేది కాగడా పెట్టి వెతికినా దొరకదు.

"గేటు దగ్గర పేరూ టైమూ రాయమన్నారండీ. అక్కడే ఆలస్యమైంది."

"గేటు దగ్గర ఆ తంతు అందరికీ ఉన్నదే."

లెక్కల టీచర్ పళ్ళు బిగించింది. నిన్ననే ఏజెన్సీ మేనేజరు ఫోనులో హెచ్చరించాడు.

"చూడమ్మా, రోజుకొకరు చెప్పాపెట్టకుండా ఎగ్గొడుతున్నారు. స్కూళ్ళవాళ్ళు నా పీక మీద కూర్చుంటున్నారు. అందుకే నా జాగ్రత్తలో నేనున్నాను. నువ్వు మాత్రం వెళ్ళి తీరాలి. సెలవులో ఉన్న టీచర్ బదులు రోజంతా నువ్వే చెప్పాలి. పర్మనెంట్ టీచర్ ఒకావిడ వెనక కూర్చుని నిన్ను చూస్తుంది. సాయంత్రం స్లిప్పు మీద సంతకం ఆవిడదే. మెత్తగా కనిపించావో, నెత్తికెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే గట్టిగా ఉండు."

"అలాగే సార్."

"ఇప్పటికే నీకు రెండు రిమార్కులు. మూడోది పడితే లిస్టులో పేరు కొట్టేస్తాను. తర్వాత ఫోన్లు చెయ్యొద్దు."

ఏజెన్సీ ఇచ్చే పచ్చ స్లిప్పు మీద రిమార్కులకి మూడు గళ్ళుంటాయి. ఆమె స్లిప్పులో రెండింటి నిండా ఎర్ర ఇంకు. మూడోది ఖాళీ. అక్క ఇంటి వరండాలో ఆమె పడుకునే మడతమంచం ఆ ఖాళీ గడి మీదే నిలబడి ఉంది. పొద్దున బావ చెప్పులేసుకుంటూ ఆ మాటే అన్నాడు.

"ఇదెన్నాళ్ళు మరదలా? ఇదీ ఊడితే మంచం మడిచెయ్."

అక్క వినపడనట్టు కుళాయి తిప్పింది.

లెక్కల టీచర్ బోర్డు మీద భిన్నాల లెక్క వేసింది. ఏజెన్సీవాళ్ళకి స్కూలు సుద్దముక్కలివ్వదు కాబట్టి సొంతవే తెచ్చుకుంది. చెప్తున్నంతసేపూ వెనకనుంచి పెన్ను గీస్తున్న చప్పుడు. పిల్లలు పాఠం వదిలేసి ఒకసారి బోర్డు వైపు, ఒకసారి చివరి బెంచీ వైపు చూస్తూ కిసుక్కుమంటున్నారు.

రెండో పీరియడ్ బెల్లు మోగిందో లేదో, కళ్ళద్దాలావిడ లేచి నేరుగా బోర్డు దగ్గరికొచ్చింది. డస్టరు తీసుకుని లెక్క మొత్తం చెరిపేసింది.

"ఏంటండీ ఇది?"

"మొదటి పీరియడ్ మీరే తీసేసుకున్నారు. ఇప్పుడు నేను చెప్తాను. మీరు వెనక కూర్చుని చూడండి. ఎలాగూ మీరొచ్చిన పని అదేగా!"

"నేనేం మీ దగ్గర పాఠాలు నేర్చుకోవడానికి రాలేదు."

"తెలుసులెండి, ఎందుకొచ్చారో. మీలాంటివాళ్ళని చాలామందిని చూశాను."

క్లాసు ఒక్కసారి గొల్లుమంది. ముందు బెంచీలో రెండు జడల పిల్ల నోరు మూసుకుని నవ్వింది. లెక్కల టీచర్ చెవులు వేడెక్కాయి. కళ్ళద్దాలావిడ చేతిసంచి విప్పి, అందులో చిన్న డబ్బా తెరిచి, సుద్దముక్క తీసింది.

'అబ్బో! సుద్దముక్క కూడా నా కంటపడకుండా దాచుకుందే మహాతల్లి!' అనుకుంది లెక్కల టీచర్. చివరి బెంచీలో కూర్చుని, తనూ నోటుపుస్తకం తీసింది. ఆవిడ పలికిన ప్రతి తప్పూ టైముతో సహా రాసుకుంది.

మధ్యాహ్నం దాకా అదే యుద్ధం. ఈవిడ కిటికీ తెరిస్తే ఆవిడ మూసింది. ఆవిడ కూర్చోమన్న పిల్లని ఈవిడ నిలబెట్టింది.

అన్నాల బెల్లు కాగానే లెక్కల టీచర్ ఆఫీసు వరండాలోకి నడిచింది. అక్కడ గోడకి ఫిర్యాదుల పెట్టె. పైన అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. 'తాళం ప్రిన్సిపల్ వద్ద. వేసిన కాగితం తిరిగి ఇవ్వబడదు. పర్మనెంట్ సిబ్బందిపై ఫిర్యాదుకు మెమో. ఏజెన్సీ సిబ్బందిపై అయితే విచారణ లేకుండా రిమార్కు.'

'మెమో తింటే తెలుస్తుంది మహారాణికి. సంతకం పెట్టకపోతే, కక్షతో పెట్టలేదని చెప్పడానికి కాగితమైనా ఉంటుంది.'

ఏడో తరగతి గదిలో కళ్ళద్దాలావిడ పిల్లల ముందు తనని అవమానించిందని, పాఠం చెప్పనివ్వలేదని, ఆమెకి టీచర్‌గా ఉండే అర్హతే లేదని పేజీన్నర రాసింది. మడిచి పెట్టెలో దూర్చబోతే లోపలికి పోలేదు. ఎవరో అప్పుడే వేసిన మడత కాగితమొకటి పెట్టె నోట్లో ఇరుక్కుని ఉంది. తన కాగితంతోనే దాన్ని లోపలికి తోసింది. రెండూ కలిసి టప్పున పడ్డాయి.

సాయంత్రం ఆఖరి బెల్లుకి పిల్లలు తూనీగల్లా ఎగిరిపోయారు. గదిలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ సంచులు సర్దుకుంటున్నారు గానీ గుమ్మం వైపు ఒక్కరూ కదలడం లేదు.

లెక్కల టీచర్‌కి బావ మొహం గుర్తొచ్చింది. మడతమంచం గుర్తొచ్చింది. పొద్దుట్నుంచి పట్టిన పంతం కరిగిపోయింది.

"మేడమ్... పొద్దున ఏదో తొందరపడి అన్నాను. మనసులో పెట్టుకోకండి. మీ సంతకం ఒక్కటి కావాలి."

కళ్ళద్దాలావిడ సర్దుతున్న సంచి బల్ల మీద పెట్టేసింది.

"నా... సంతకమా?"

ఆ తర్వాత తన సంచిలోంచి ఓ కాగితం తీసి బల్ల మీద పరిచింది: అదే పచ్చ స్లిప్పు, అవే మూడు గళ్ళు, రెండింటి నిండా ఎర్ర ఇంకు.