లేని గ్రూపు

"మా కుల్సుం ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయింది సార్. డాక్టరు పరీక్షకి ఎట్టా కట్టాలో చెప్పండి," అన్నాడు లారీ మెకానిక్ మౌలాలీ.

లెక్చరర్ శేషగిరి ఇబ్బందిగా కుల్సుం వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది.

"మీ అమ్మాయి చదివింది సీఈసీ. డాక్టరు చదువుకి బైపీసీ ఉండాలి. మన మాచర్ల ఆడపిల్లల కాలేజీలో ఆ గ్రూపే లేదు."

"ఇప్పుడు మార్చుకోకూడదా సార్?"

"మళ్లీ మొదటి నుంచి రెండేళ్లు చదవాలి. అదీ నరసరావుపేటలో, హాస్టల్లో ఉండి."

షెడ్డుకొచ్చిన ప్రతి డ్రైవరుకీ కూతురు డాక్టరవుతుందని చెప్పుకున్న మనిషి మౌలాలీ. కూతుర్ని తీసుకుని వరండాలోకి వచ్చాడు.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసిందే?"

"చేరిన రోజే తెలుసు నాన్నా."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంది?"

"డాక్టరు చదువు రాదంటే, ఇంక చదువెందుకని నన్ను కూడా ఇంట్లో కూచోబెడతావని."

అట్టా ఎందుకు చేస్తానే అనబోయాడు మౌలాలీ. పదో తరగతి పాసయి కూడా ఇంట్లోనే ఉండిపోయిన పెద్ద కూతురు మాబున్నీసా గుర్తొచ్చింది.