గిన్నెల కొట్లో కార్బ్యురేటర్లు

"లోపల కొట్టమంటారేంటి అన్నయ్యా? పేరు బయట కదా ఉండాలి," అంది నాగజ్యోతి. తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కడం ఆమె పని.

"నీకెందుకమ్మా, చెప్పినచోట కొట్టు," అన్నాడు మనోజ్.

ఆమె చేతిలో ఉన్నవి గిన్నెలు కావు. చిన్న గంటల్లా ఉన్న రెండు అల్యూమినియం మూతలు. మనోజ్ మోజుపడి కొన్న పాత ఇంగ్లీషు కారుకి పెట్రోలూ గాలీ కలిపి ఇంజనులోకి పంపే జంట కార్బ్యురేటర్లుండాలి. అవి లేకుండానే కారు చేతికొచ్చింది. ఊరూరా వెతికి, చివరికి రేపల్లెలో పాత ఇనుప సామాన్ల కొట్లో మట్టి కొట్టుకుపోయిన జతను పట్టుకున్నాడు. ఆ జత మీది మూతలే ఇవి.

మనోజ్ వాళ్ళింట్లో గరిటె నుంచి గంగాళం దాకా అన్నిటి మీదా నాయనమ్మ పేరే ఉంటుంది. పెళ్ళిళ్ళకి ఎరువిచ్చిన గిన్నెలు ఎన్ని ఇళ్ళు తిరిగినా ఆ పేరు పుణ్యమా అని తిరిగొచ్చేవి. ఆ తెలివే ఇప్పుడు అక్కరకొచ్చిందని మనోజ్ మురిసిపోయాడు. నాగజ్యోతి మిషను గుర్రుమంటూ రెండు మూతల లోపలి గోడల మీదా 'అంకమ్మ' అని చెక్కింది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, వాటిని బాగుచేసే మెకానిక్ శాలేమురాజుది స్టూవర్టుపురం. బాపట్లలో షెడ్డు పెట్టి పాతికేళ్ళు దాటినా, ఒక్క నట్టు పోయిందని ఎవరూ అనలేదు. అయినా మనోజ్ ఆ ఊరి పేరు వింటే జేబు తడుముకునే రకం. తను వేమూరులో దాయాదుల గట్టు జరిపి చేను కలుపుకున్నది మాత్రం దొంగతనం కాదు, లౌక్యం.

ముందురోజు ఆ షెడ్లో శాలేమురాజు కిరసనాయిలుతో మట్టి కడిగి, వాటికున్న రేకు ముక్కల మీద నంబర్లు చదివి, "రెండూ ఒకే కారువేనండి. కవలలు," అన్నాడు. మూతల్లో పైకీ కిందకీ ఆడే పిస్టన్లు పెట్టి, వేలితో పైకెత్తి వదిలాడు. రెండూ నెమ్మదిగా జారి టక్కుమని కూర్చున్నాయి.

"బంగారంలాంటి జతండి. ఇరుసులూ వాషర్లూ మారిస్తే చాలు. దేని మూత దానికేనండి, మారిపోకూడదు."

మార్చే ఉద్దేశం ఉన్నవాడికే ఆ మాట ముందుగా నోటికొస్తుందని మనోజ్ లెక్కగట్టాడు. "మూతలకి మెరుగు పెట్టించి రేపు తెచ్చిస్తాను," అని వాటిని పట్టుకుని లేచాడు. శాలేమురాజు ఇంకేదో చెప్పబోయాడు గానీ, మెకానిక్ చెప్పేది నిలబడి వినేంత చిన్నవాడు కాదు మనోజ్. కారెక్కి తలుపు వేసుకున్నాడు.

మూతలు ఇచ్చి వచ్చిన వారానికి ఫోనొచ్చింది.

"సార్, పిస్టన్లు రెండూ పట్టేస్తున్నాయండి. మూతలు చూశాక మిమ్మల్ని ఓ మాట అడగాలనిపించింది. ఒకసారి వస్తారా?"

మనోజ్‌కి కోపం రాలేదు, పండగొచ్చినంత సంబరమైంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఇంట్లో అందరికీ చెప్పి, బాపట్ల వెళ్ళి, షెడ్డుకి కాకుండా నేరుగా పోలీస్ స్టేషనుకి వెళ్ళాడు.

షెడ్డు ముందు జీపు ఆగి ఎస్సై దిగేసరికి ఎదురుగా టీకొట్టు దగ్గర జనం పోగయ్యారు. శాలేమురాజు చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. ఇవాళ దొంగ అనిపించుకుంటే రేపట్నుంచి ఆ షెడ్డుకి ఒక్క బండి రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, చూస్తున్నవాళ్ళకీ తెలుసు.

"మేడమ్, నేను సార్ని అడుగుదామనుకున్నది..."

"నువ్వు నోర్ముయ్," అన్నాడు మనోజ్. "నా అసలు మూతలు అమ్ముకుని, చెత్తవి తగిలించాడండి. మొన్న నా కళ్ళముందు దిగిన పిస్టన్లు ఇవాళ దిగవంటున్నాడు."

"మారాయని ఎలా చెబుతున్నారు?" అంది ఎస్సై కరుణశ్రీ.

మనోజ్ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. జనం వైపు ఒకసారి తిరిగి, గొంతు పెంచాడు.

"ఇతని ఊరు తెలిసే లోపల ఓ గుర్తు పెట్టించానండి. అదేంటో చెప్పను. మూతలు విప్పి చూడండి. అందులో ఏ గుర్తూ లేకపోతే ఇతను దొంగే."

శాలేమురాజు మూతలు విప్పి ఎస్సై చేతికిచ్చాడు. ఆమె సెల్లు లైటు వేసి ఒకదాని లోపలికి చూసింది.

"అంకమ్మ," అని పైకి చదివింది. రెండోదీ చూసింది. "ఇక్కడా అంకమ్మే. మీ గుర్తు ఇదేనా?"

"అదేనండి," అన్నాడు మనోజ్ నసుగుతూ.

"అయితే మూతలు మీవే."

టీకొట్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మనోజ్‌కి ఒళ్ళు మండింది.

"నావే అయితే మరి పిస్టన్లెందుకు దిగవు?"

శాలేమురాజు ఒక మూతలో పిస్టను పెట్టి వదిలాడు. అది సగం దాకా జారి, సరిగ్గా అక్షరాల దగ్గర బిగుసుకుపోయింది.

"పిస్టనుకీ మూత గోడకీ మధ్య వెంట్రుక కూడా పట్టదండి. చెక్కిన చోటల్లా లోహం పైకి లేచింది, గోడంతా గాట్లు పడ్డాయి. ఈ జత ఇంక దేనికీ పనికిరాదు."

"ఆ సంగతి ఫోన్లోనే చెప్పి చావొచ్చుగా?" అని అరిచాడు మనోజ్.

శాలేమురాజు మూతలు రెండూ తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"మీ వస్తువుని ఇలా పాడుచేసిన ఆ అంకమ్మ గారెవరో మిమ్మల్ని అడుగుదామనే కదండీ, రమ్మని ఫోన్ చేసింది."